గోల్డ్‌బర్గా, బ్రెట్ హార్టా? బేస్‌బాల్ లెక్కలతో రెజ్లర్ల ప్రతిభ తేలుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చిన్నప్పుడు మీరూ మీ తమ్ముడూ ట్రంప్ కార్డులు ఆడుతూ ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, 'ఫైట్స్ వన్' చూసి ఎవరు పెద్ద రెజ్లరో తేల్చేసేవాళ్లు. గెలుపోటములు ముందే రాసిపెట్టినవని ఇప్పుడు ఇద్దరికీ తెలుసు, అయినా వాదన ఆగలేదు. తమ్ముడు గోల్డ్‌బర్గ్ అంటాడు, మీరు బ్రెట్ హార్ట్ అంటారు. బేస్‌బాల్‌లో లెక్కలు వేసి ఆటగాడి అసలు ప్రతిభ తేలుస్తారట కదా, ఆ పద్ధతి ఇక్కడ పనికొస్తుందా అని అడిగారు.

పనికొస్తుంది. కాకపోతే బేస్‌బాల్ నుంచి అంకెలు తెచ్చుకుంటే లాభం లేదు, వాళ్లు అంకెల్ని అడిగే ప్రశ్న తెచ్చుకోవాలి. నేను పాతికేళ్లుగా రెండూ చూస్తున్నాను, చేసే ఉద్యోగం కూడా డేటాతోనే, మ్యాచ్ చూస్తూ ఎక్సెల్ షీట్‌లో రాసుకోవడం పదిహేనేళ్ల అలవాటు. ఇంత చేశాక నేను అడిగే ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఈ మనిషిని పక్కన పెట్టి, అదే ప్రత్యర్థి ముందు, అన్నే నిమిషాలకి, అదే జనం మధ్య, పని తెలిసిన మామూలు రెజ్లర్‌ని ఇంకొకర్ని నిలబెడితే మ్యాచ్ ఎంత పడిపోయేది? ఎంత పడిపోతుందో అంతే అతని ప్రతిభ. మిగతాది కంపెనీ ఇచ్చింది, ఎదుటివాడు ఇచ్చింది, జనం ఇచ్చింది.

ముందు 'ఫైట్స్ వన్' సంగతి చూద్దాం. బేస్‌బాల్‌లో పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. జట్టు గెలిస్తే ఆ 'విన్' అతని ఖాతాలో వేయడం పాత పద్ధతి, ఏడాదికి 20 విన్స్ ఉంటేనే గొప్ప పిచర్ అనేవాళ్లు. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.70 పరుగులే ఇచ్చాడు, అయినా అతని ఖాతాలో 10 గెలుపులు, 9 ఓటములు. అతను ఆపుతున్నాడు, సొంత జట్టు కొట్టడం లేదు, అంతే. ఆ ఏడాది ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు అతనికే ఇచ్చారు. 2010లో సియాటెల్ పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్‌కి 13 గెలుపులు, 12 ఓటములతోనే అదే అవార్డు వచ్చింది. గెలుపు పిచర్ ఒక్కడి సొత్తు కాదని అంత పెద్ద ఆట ఒప్పుకోవడానికి వందేళ్లు పట్టింది.

రెజ్లింగ్‌లో గెలుపు ఇంకా దూరపు విషయం, ఎందుకంటే అది బుకర్ చేతిలో, అంటే ఎవరు గెలవాలో ముందే రాసేవాడి చేతిలో ఉంటుంది. గోల్డ్‌బర్గ్ 1997 సెప్టెంబర్ 22న డబ్ల్యూసీడబ్ల్యూ కంపెనీ వారపు టీవీ షో నైట్రోలో మొదటి మ్యాచ్ గెలిచాడు. అక్కడి నుంచి డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్లు లెక్క పెంచుకుంటూ పోయి 173-0 దాకా తెచ్చారు, ఆ లెక్కలో గాలి కూడా కలిపారని అప్పట్లో కూర్చుని లెక్కపెట్టుకున్న అభిమానులు పట్టేశారు. 1998 డిసెంబర్ 27న స్టార్కేడ్ అనే పెద్ద షోలో కెవిన్ నాష్ చేతిలో ఆ వరుస తెగింది. ఆ రాత్రి గోల్డ్‌బర్గ్ ప్రతిభ ఒక్క గింజ కూడా తగ్గలేదు, ముందు రోజు దాకా పెరిగిందీ లేదు. ఇంకోవైపు బ్రెట్ సంగతి చూడండి. 1997 నవంబర్ 9న మాంట్రియల్‌లో అతను ట్యాప్ చేయకుండానే, అంటే ఓటమి ఒప్పుకుని చేత్తో తట్టకుండానే, గంట కొట్టించేశారు, ముందు అనుకున్న ఫలితాన్ని ఓడిపోయేవాడికి కూడా చెప్పకుండా మార్చేశారు. ఆ ఓటమిని ఏ ట్రంప్ కార్డ్‌లో ఏ గడిలో వేస్తారు? గెలుపుల లెక్క ఒక్కటి మాత్రం చెబుతుంది, కంపెనీ ఎవరి మీద డబ్బు పెట్టిందో. అది తెలుసుకోవాల్సిన విషయమే, కానీ దాన్ని ప్రతిభ అనలేం.

ఇక్కడ బిల్ జేమ్స్ గురించి చెప్పాలి. కాన్సస్‌లో ఒక ఆహార డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రిపూట వాచ్‌మన్‌గా పనిచేస్తూ 1977లో సొంత ఖర్చుతో బేస్‌బాల్ లెక్కల పుస్తకం అచ్చేసుకున్న మనిషి ఆయన. ఆ పద్ధతికి సేబర్‌మెట్రిక్స్ అని పేరు పెట్టిందీ ఆయనే. ఆయన అడిగింది చాలా మామూలు ప్రశ్న: పరుగు దేనివల్ల వస్తోంది? అప్పటిదాకా బ్యాటింగ్ యావరేజే గొప్ప. అందులో వాక్‌లు లెక్కలోకి రావు, అంటే చెడ్డ బంతులు నాలుగు వదిలేసి నడుచుకుంటూ బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి వెళ్లడం. పాతకాలపు బ్యాటర్ టెడ్ విలియమ్స్ అనగానే అందరూ 1941లో కొట్టిన 0.406 యావరేజ్ చెబుతారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద అంకె అతని కెరీర్ మొత్తం మీద బేస్‌కి చేరిన శాతం, 0.482, చరిత్రలో అందరికంటే ఎక్కువ. ఆ గొప్పలో చాలా భాగం బ్యాట్ ఊపకుండా వచ్చింది.

రెజ్లింగ్‌లో ఆ 'వాక్' లాంటిది ఏమిటని చాలా రోజులు ఆలోచించాను. రీల్స్‌లో కనపడనిదంతా అదే. ఎదుటివాడి కాలు మీద నాలుగు నిమిషాలు ఓపిగ్గా పనిచేయడం, హెడ్‌లాక్ వేసి జనాన్ని చల్లబరిచి మళ్లీ లేపడం, లేవాల్సినప్పుడు లేవకుండా రెండు క్షణాలు ఆగడం. టాప్ రోప్ మీద నుంచి దూకితే అందరికీ కనిపిస్తుంది. ఆ దూకుడుకి విలువ ముందు పది నిమిషాల్లో పోగవుతుంది, దాన్ని పోగుచేసినవాడికి ఎవరూ పేరు ఇవ్వరు.

అంటే మనకి మొదట కావాల్సింది కొలబద్ద కాదు, ఏది కొలవాలో తేల్చుకోవడం. బేస్‌బాల్‌లో చివరికి అన్నీ పరుగుల్లోకి మారతాయి. రెజ్లింగ్‌లో అన్నీ దేనిలోకి మారతాయంటే, జనం నమ్మడంలోకి. ఇది బొమ్మలాట అని తెలిసి కూడా ఒక్క క్షణం మర్చిపోయి కుర్చీలోంచి లేచారా లేదా? అందులో టికెట్ల డబ్బు ఒక భాగం, మ్యాచ్‌కి పడే స్టార్లు ఒక భాగం. రెజ్లింగ్ విలేకరి డేవ్ మెల్ట్‌జర్ ఇచ్చే స్టార్లని నేను తీసిపారేయను. బేస్‌బాల్‌లో కొత్త ఆటగాళ్లని వెతికే స్కౌట్లు కుర్రాళ్లని చూసి 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు కదా, ఇదీ అలాంటిదే, అనుభవమున్న ఒక కంటి అంచనా. కానీ చాలా ఏళ్లు ఐదే గరిష్ఠం అనుకున్న చోట 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో ఒకాడా-ఒమెగా మ్యాచ్‌కి ఆరు, 2018 జూన్‌లో ఒసాకాలో వాళ్లిద్దరికే ఏడు పడ్డాయి. కొలిచే టేపే సాగుతుంటే 1989 మ్యాచ్‌ని 2018 మ్యాచ్‌తో పోల్చడం కష్టం. పైగా ఆ స్టార్లు మ్యాచ్‌కి పడతాయి, మనిషికి కాదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. మ్యాచ్‌ని ఇద్దరు కలిసి చేస్తారు. ఎవరి వాటా ఎంత?

ఇదే చిక్కు బేస్‌బాల్‌లోనూ ఉండేది. 2001లో వోరోస్ మెక్రాకెన్ అనే ఆయన ఒక మాట అంటే ఎవరూ నమ్మలేదు: బంతి బ్యాట్‌కి తగిలి మైదానంలోకి వెళ్లాక అది హిట్ అవుతుందా అవుట్ అవుతుందా అనేది పిచర్ చేతిలో పెద్దగా లేదు, ఫీల్డర్ల చేతిలోనూ అదృష్టం చేతిలోనూ ఉంది, పిచర్‌ని చూడాలంటే స్ట్రైకవుట్లు (బ్యాటర్ కొట్టలేక అవుటవడం), వాక్‌లు, హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), ఈ మూడే చూడండి అని. తర్వాత ఆ మాటని కొంత సవరించారు, కానీ మూలం నిలబడింది. మనిషి చేతిలో ఉన్నది వేరు, లేనిది వేరు. రెజ్లర్ చేతిలో లేనివి ముందు తీసేయండి: ఫలితం, ప్రత్యర్థి, ఇచ్చిన నిమిషాలు, షోలో ఎన్నో మ్యాచ్‌గా పెట్టారు, ముందు నెలరోజులు టీవీలో కథ ఎలా నడిపారు. చేతిలో ఉన్నవి మిగులుతాయి: దెబ్బ తగిలినట్టు కనిపించడం, దెబ్బ తిన్నట్టు కనిపించడం, కింద పడే తీరు, టైమింగ్, ఊపిరి, మైక్ పట్టుకుంటే మాట. ఎదుటివాడిని క్షేమంగా ఇంటికి పంపడం కూడా. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది సెల్లింగ్, అంటే దెబ్బని నమ్మించడం. దీనికి సరిగ్గా సరిపోయే విషయం బేస్‌బాల్‌లో ఒకటి ఉంది, ఫ్రేమింగ్. క్యాచర్ మన వికెట్ కీపర్‌లా వెనక కూర్చుంటాడు. బంతి స్ట్రైక్ జోన్ (మంచి బంతిగా లెక్కించే చోటు) అంచున, ఒక్కోసారి అంచు దాటి వస్తుంది. మంచి క్యాచర్ దాన్ని పట్టేటప్పుడే గ్లవ్‌ని ఎంత మెల్లగా లోపలికి తెస్తాడంటే అంపైర్‌కి అది స్ట్రైక్‌లా కనిపిస్తుంది. దశాబ్దాల పాటు దీన్ని ఎవరూ అంకెల్లో పెట్టలేకపోయారు, పాతకాలం కోచ్‌లు 'వీడి చేతులు మెత్తన' అని ఊరుకునేవాళ్లు. 2008 నాటికి ప్రతి స్టేడియంలో బంతి దారి కొలిచే కెమెరాలు వచ్చాయి, అప్పుడు తెలిసింది ఆ మెత్తని చేతులు ఏడాదికి ఎన్ని పరుగులు ఆపుతున్నాయో. హోసే మొలీనా అని ఒక క్యాచర్, బ్యాటింగ్ చాలా బలహీనం, పరుగెత్తలేడు. 2012లో టాంపా బే వాళ్లు కేవలం ఆ చేతుల కోసమే తీసుకున్నారని చెప్పొచ్చు.

సెల్లింగ్ అచ్చంగా అదే పని. ఎదుటివాడి పంచ్ సగం గాలిలోనే పోయినా తిన్నవాడు దాన్ని స్ట్రైక్‌లా మార్చి జనం ముందు పెడతాడు. పేరు మాత్రం కొట్టినవాడికి వెళుతుంది! బ్రెట్ కార్నర్‌లోకి వీపుతో కాకుండా ఛాతీతో నేరుగా వెళ్లి గుద్దుకునేవాడు, గుర్తుందా? ఆ ఒక్క బంప్‌తో (కావాలని పడే పాటు) ఎంతమంది విసురు నిజంలా కనిపించిందో. ఫ్రేమింగ్‌లో గ్లవ్‌ని మరీ గట్టిగా లాగితే అంపైర్‌కి అర్థమైపోతుంది, ఉన్న స్ట్రైక్ కూడా పోతుంది. 2005లో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ల పెద్ద షో సమ్మర్‌స్లామ్‌లో హోగన్ దెబ్బలకి షాన్ మైఖేల్స్ రింగంతా ఎగిరెగిరి పడ్డాడు. మైఖేల్స్ ప్రతిభ గురించి నాకు ఏ అనుమానం లేదు, కానీ ఆ రోజు సెల్లింగ్ హోగన్‌ని పెద్దవాణ్ణి చేయలేదు, మనల్ని నమ్మకంలోంచి బయటికి లాగేసింది.

సరే, వాటా ఎలా తేల్చాలి? బేస్‌బాల్ వాళ్లు వాడే మొరటు పద్ధతి ఒకటుంది, మనకి అదే బాగా పనిచేస్తుంది. అతనితో ఉన్నప్పుడు ఎలా, అతను లేనప్పుడు ఎలా? ఒక పిచర్ ఈ క్యాచర్‌తో ఎలా వేశాడు, వేరే క్యాచర్‌తో ఎలా వేశాడు చూస్తారు. రెజ్లింగ్‌లో పాతకాలం నుంచి ఒక మాట ఉంది, రిక్ ఫ్లేర్ చీపురుకట్టతో కూడా మంచి మ్యాచ్ ఆడగలడు అని. ఆ మాట అన్నవాళ్లు తెలియకుండానే ఈ లెక్క వేశారు. 1988 మార్చి 27న అప్పటికి ఇంకా పచ్చిగా ఉన్న స్టింగ్‌తో ఫ్లేర్ 45 నిమిషాల డ్రా ఆడాడు, మర్నాటికి స్టింగ్ స్టార్. మరుసటి ఏడాది రికీ స్టీమ్‌బోట్‌తో ఫిబ్రవరి, ఏప్రిల్, మే నెలల్లో మూడు మ్యాచ్‌లు, మూడూ ఐదు స్టార్లవే. ఇద్దరూ ఆకాశంలో ఉన్నప్పుడు వాటాలు పంచలేం, అక్కడ ఫ్లేర్ గురించి కొత్తగా తెలిసేది తక్కువ. స్టింగ్ మ్యాచ్‌లోనే ఎక్కువ తెలుస్తుంది.

బ్రెట్‌ని అలా చూడండి. 1991 సమ్మర్‌స్లామ్‌లో మిస్టర్ పర్ఫెక్ట్, వెన్ను దెబ్బతిని ఉన్నాడు, ఆ మ్యాచ్ తర్వాత ఏడాదికి పైగా రింగ్‌కి దూరమయ్యాడు, అయినా అది ఇప్పటికీ చూడదగ్గ మ్యాచ్. 1992 ఆగస్టు 29న లండన్ వెంబ్లీలో బ్రిటిష్ బుల్‌డాగ్. ఆ రోజు బుల్‌డాగ్ అనుకున్నదంతా మర్చిపోయాడని, మ్యాచ్ పొడుగునా తానే చెప్పి నడిపించానని బ్రెట్ ఆ తర్వాత చాలాసార్లు చెప్పాడు. అది ఒకవైపు మాటే, ఒప్పుకుంటాను, కానీ బుల్‌డాగ్ మిగతా సింగిల్స్ మ్యాచ్‌ల పక్కన దాన్ని పెట్టి చూస్తే నమ్మబుద్ధవుతుంది. 1994 జూలైలో రా షోలో 1-2-3 కిడ్, సన్నగా గాలిలో ఎగిరే కుర్రాడు. 1995 సర్వైవర్ సిరీస్‌లో డీజిల్, అంటే కెవిన్ నాష్, ఏడడుగుల మనిషి, మోకాళ్లు సహకరించవు. 1997 మార్చి 23న షికాగో పక్కన స్టీవ్ ఆస్టిన్, రక్తంలో తడిసి, ట్యాప్ చేయకుండా స్పృహ తప్పి, ఒక్క రాత్రిలో విలన్ నుంచి హీరో అయ్యాడు. ఐదుగురిలో ఒకరికి ఇంకొకరితో పోలిక లేదు. శరీరం వేరు, వేగం వేరు, స్థాయి వేరు. అన్నింట్లో మారనిది బ్రెట్ ఒక్కడే. పైగా అందులో చాలామందికి జీవితంలో అత్యుత్తమ మ్యాచ్‌ల జాబితా తీస్తే బ్రెట్ పేరు ఉంటుంది. నాష్‌కైతే మొదటి వరసలోనే ఉంటుంది.

ఇప్పుడు గోల్డ్‌బర్గ్. అతని మంచి మ్యాచ్ ఏదంటే దాదాపు అందరూ ఒకటే చెబుతారు, 1998 అక్టోబర్ 25, లాస్ వేగస్, హాలొవీన్ హావక్, డైమండ్ డాలస్ పేజ్‌తో. డీడీపీ, అంటే ఈ పేజ్, ప్రతి అడుగూ ముందే కాగితం మీద రాసుకుని ప్రాక్టీస్ చేసే మనిషి. ఆ రోజు షో సమయం మించిపోయి చాలా ఇళ్లలో ప్రసారం మధ్యలో ఆగిపోతే, మర్నాడు నైట్రోలో ఉచితంగా మళ్లీ వేయాల్సి వచ్చింది. మీ తమ్ముడు ఆ మ్యాచ్ చూపించి 'చూశావా' అంటే, ఆ తేదీకి అటూ ఇటూ గోల్డ్‌బర్గ్ వేరేవాళ్లతో ఆడినవీ, డీడీపీ అంతకు ముందు ఏడాది రాండీ సావేజ్‌తో ఆడినవీ చూడమనండి. వాటా ఎటువైపు మొగ్గుతుందో తెలుస్తుంది.

కానీ ఇక్కడితో ఆపేస్తే గోల్డ్‌బర్గ్‌కి అన్యాయం చేసినట్టే. నేనూ చాలా ఏళ్లు ఆ అన్యాయం చేశాను, నా అభిప్రాయం మార్చింది గోల్డ్‌బర్గ్-లెస్నర్ మ్యాచ్‌లు మూడు. అవే ఇద్దరు మనుషులు. 2004 రెజిల్‌మేనియా, మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్: ఇద్దరూ కంపెనీ వదిలి వెళ్తున్నారని జనానికి తెలిసిపోయింది, మ్యాచ్ సాంతం తిట్లే. పన్నెండేళ్ల తర్వాత 2016 నవంబర్ 20న టొరంటోలో 86 సెకన్లలో గోల్డ్‌బర్గ్ గెలిచాడు, జనం నోరు తెరుచుకుని ఉండిపోయారు. 2017 రెజిల్‌మేనియాలో ఐదు నిమిషాలు కూడా లేదు, ఉన్నంతసేపూ ఊపిరి ఆడలేదు. వయసు పెరిగి, వేగం తగ్గాక మ్యాచ్ బాగుపడింది! ప్రతిభ పెరగలేదు కదా, వాడుకునే తీరు సరైంది.

బేస్‌బాల్‌లో క్లోజర్ అని ఉంటాడు, ఆట చివర ఒకే ఒక్క ఇన్నింగ్స్ వేస్తాడు. మరియానో రివేరా దాదాపు ఒకే రకం బంతితో, కట్టర్‌తో, 652 ఆటలు కాపాడాడు, 2019లో ఒక్క ఓటు కూడా తప్పకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికైన మొదటివాడు. అతన్ని ఏడు ఇన్నింగ్స్ వేయమంటే ఆ ఒక్క బంతి సరిపోయేది కాదు. గోల్డ్‌బర్గ్ క్లోజర్. స్పియర్ (పరుగెత్తి భుజంతో గుద్దడం), జాక్‌హామర్ (తలకిందులుగా ఎత్తి పడేయడం), రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో నడిచొచ్చే తీరుకి స్కౌట్ల లెక్కలో 80 వేయడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించను, 80కి మించి ఉంటే అదే వేసేవాణ్ణి. బ్రెట్ స్టార్టర్, ఆట మొదటి నుంచి మోసేవాడు, గ్రెగ్ మాడక్స్‌లా వేగంతో కాకుండా గురితో బతికినవాడు. మాడక్స్ కెరీర్‌లో 5,000కి పైగా ఇన్నింగ్స్ వేశాడు, రివేరా 1,300 కూడా వేయలేదు. రివేరా వేసినవన్నీ ఆట బిగుసుకున్న క్షణాలే కాబట్టి ఒక్కోదానికీ విలువ ఎక్కువ, నిజమే. అయినా మొత్తం కూడితే స్టార్టర్ దగ్గరికి రావడం కష్టం. మీ ఇద్దరి వాదనకి నా జవాబు ఇదే, ఎవరూ తప్పు కాదు అనే మెత్తని మాట మాత్రం నేను అనను. ప్రతిభ మొత్తంగా బ్రెట్‌దే, చాలా తేడాతో.

జనం సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన కంటిని ఎక్కువ మోసం చేసేది అదే. డెన్వర్‌లో కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి మైలు ఎత్తులో ఉంటుంది, గాలి పలచన, బంతి దూరం పోతుంది. అక్కడ కొట్టిన పరుగుల్ని తగ్గించి లెక్కేస్తారు, దాన్నే పార్క్ ఫ్యాక్టర్ అంటారు. 1998 జూలై 6న గోల్డ్‌బర్గ్ హోగన్‌ని ఓడించింది అట్లాంటాలో, దాదాపు 40 వేల మంది ముందు. జార్జియా యూనివర్సిటీకీ, అట్లాంటా ఫాల్కన్స్‌కీ ఫుట్‌బాల్ ఆడినవాడు అతను, అంటే సొంతూరి జనం. 2002 రెజిల్‌మేనియాలో టొరంటో జనం రాక్‌ని వదిలేసి విలన్‌గా వచ్చిన హోగన్‌ని మోశారు. ఆ మ్యాచ్‌లో పట్లు చాలా మామూలువి, కానీ హోగన్ ఆ అరుపులు విని అక్కడికక్కడే దారి మార్చాడు, రాక్ దానికి సర్దుకున్నాడు, జనాన్ని వినడం కూడా ప్రతిభే కాబట్టి అక్కడ నేను పూర్తిగా తగ్గించను. మన హైదరాబాద్‌లో 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగింది చూడండి, జాన్ సీనా చెయ్యి ఊపితే పైకప్పు లేచిపోయింది. ఏళ్ల తరబడి టీవీలో మాత్రమే చూసినవాళ్లు, ఆ అరుపులు వాళ్ల ప్రేమ. ఆ శబ్దంతో మ్యాచ్‌కి మార్కులు వేస్తే మాత్రం కూర్స్ ఫీల్డ్ హోమ్ రన్లు లెక్కపెట్టినట్టే. ఇంట్లో చేసుకోగల పని ఒకటుంది, సౌండ్ మొత్తం తీసేసి ఒకసారి చూడండి. కామెంటేటర్ లేడు, జనం లేరు. అప్పటికీ మీకు కథ అర్థమైతే ఆ ఇద్దరికీ పని వచ్చు.

కాలాన్ని కూడా అలాగే సరిచూడాలి. 1968లో పిచర్ల రాజ్యం నడిచింది, బాబ్ గిబ్సన్ 1.12 సగటుతో వేశాడు, అమెరికన్ లీగ్‌లో బ్యాటింగ్‌లో మొదటి స్థానం 0.301కే వచ్చింది. మరుసటి ఏడాది పిచర్ నిలబడే దిబ్బ ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఆ 0.301ని వేరే ఏడాది 0.301తో సమానం అనుకోకూడదు. బ్రెట్ ఛాంపియన్‌గా ఉన్న 1992-96 మధ్య అతని కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) వ్యాపారమే పడిపోయింది, 1994లో స్టెరాయిడ్ కేసు కోర్టుకెక్కింది. గోల్డ్‌బర్గ్ 1998 అంటే రెండు కంపెనీలూ సోమవారం రాత్రి పోటీపడి హాళ్లు నింపుతున్న రోజులు. బ్రెట్ టికెట్లు అమ్మలేదు అనేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు.

ఇక 'మామూలు రెజ్లర్' అన్నాను కదా మొదట్లో, దాన్ని తక్కువగా అనుకోవద్దు. బేస్‌బాల్‌లో రీప్లేస్‌మెంట్ స్థాయి అంటే సున్నా కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చిన్న లీగ్ నుంచి తెచ్చుకోగల ఆటగాళ్లతో మొత్తం జట్టు కట్టినా 162 ఆటల్లో 48 దాకా గెలుస్తుందని అంచనా. మన దగ్గర ఆ స్థాయి బారీ హోరోవిట్జ్, బ్రూక్లిన్ బ్రాలర్ లాంటివాళ్లది. టీవీలో వారం వారం ఓడిపోయేవాళ్లు, జాబర్లు అని చులకనగా అనేవాళ్లం. వాళ్లకి పని పూర్తిగా వచ్చు, పెద్దపేర్లు నేర్చుకోవడానికి వాళ్ల మీదే ప్రాక్టీస్ చేసేవి. గోల్డ్‌బర్గ్ వరుస గెలుపుల్లో ఆ జాక్‌హామర్‌కి సరిగ్గా గాలిలో నిలబడి, సరిగ్గా వీపు మీద పడ్డవాళ్లందరికీ అందులో వాటా ఉంది. ట్రంప్ కార్డుల్లో ఎత్తు చూసి మనం ఎగబడ్డ ఖలీని ఈ స్థాయితో పోల్చండి. 2007 జూలైలో ప్రపంచ ఛాంపియన్, భారతీయుడు, నాకూ అప్పుడు గర్వమే. రూపానికి 80 వేస్తాను. రింగ్‌లో పనికి మాత్రం హోరోవిట్జ్‌ని మించి వేయలేను.

మీరిద్దరూ నిజంగా తేల్చుకోవాలంటే ఇలా చేయండి. ఒక్కొక్కరికి కనీసం పది మంది వేర్వేరు ప్రత్యర్థుల్ని తీసుకోండి, ఒక మ్యాచ్‌తో ఏదీ తేలదు. ప్రతి మ్యాచ్ పక్కన ఊరు, జనం మూడ్, నిమిషాలు, షోలో స్థానం రాయండి. సెల్లింగ్, బంప్‌లు, టైమింగ్, దెబ్బల నమ్మకం, మాట, వీటికి 20 నుంచి 80 దాకా ఒకరి మార్కులు ఒకరికి కనపడకుండా వేసుకోండి. తర్వాత అదే ప్రత్యర్థి వేరేవాళ్లతో ఆడిన రెండు మ్యాచ్‌లు చూసి తేడా రాయండి. ఆ తేడాల వరసే మీకు కావాల్సింది, మార్కుల మొత్తం కాదు.

ఇంకో గడి తప్పకుండా పెట్టండి. పిచర్ వేసిన బంతి బ్యాటర్‌కి తగిలితే బేస్‌బాల్‌లో దాన్ని హిట్ బై పిచ్ అని అతని పేరు మీద రాసి ఉంచుతారు. రెజ్లింగ్‌లో అలాంటి గడి ఎవరూ పెట్టలేదు, నేను పెట్టుకున్నాను: ఇతని చేతిలో ఎవరికి నిజంగా దెబ్బ తగిలింది, దానివల్ల వాళ్లు ఎన్నాళ్లు రింగ్‌కి దూరమయ్యారు. తన కెరీర్‌లో ఏ ప్రత్యర్థినీ తీవ్రంగా గాయపరచలేదని బ్రెట్ ఎప్పుడూ గర్వంగా చెప్పుకుంటాడు. నేను చూసిన మ్యాచ్‌ల్లో ఆ గడి అతని వరసలో ఖాళీగానే ఉంది. మీరు పోలుస్తున్న ఈ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డ రోజు 1999 డిసెంబర్ 19, స్టార్కేడ్, వాషింగ్టన్. మ్యాచ్ మధ్యలో గోల్డ్‌బర్గ్ వేసిన కిక్ గురి తప్పి బ్రెట్ తలకి పూర్తిగా తగిలింది. మెదడు కదిలిపోయినా బ్రెట్ మ్యాచ్ ముగించాడు, ఆ తర్వాత కొన్ని వారాలు అలాగే ఆడాడు, 2000 జనవరితో ఆగిపోయాడు, అక్టోబర్‌లో కెరీర్ ముగిసినట్టే అయింది. అప్పటికి అతనికి 43 ఏళ్లు. ఆ కిక్ గురించి బాధపడుతూనే ఉన్నానని గోల్డ్‌బర్గ్ చాలాసార్లు చెప్పాడు, నేను నమ్ముతాను, అది కావాలని చేసింది కాదు. అయినా ఆ రోజు అతని వరసలో ఆ గడిలో 1 వేశాను, ఆ ఒకటి పక్కన బ్రెట్ ఆడాల్సి ఉండి ఆడలేకపోయిన ఏళ్లు కూడా రాసుకున్నాను.

మీ షీట్ పూర్తయ్యాక నాకు పంపండి. డీడీపీ మ్యాచ్‌లో గోల్డ్‌బర్గ్‌కి మీ తమ్ముడు ఎంత వేశాడో, మీరు ఎంత వేశారో చూడాలని ఉంది.